లూదియమ్మ రవిక

బెజవాడ గవర్నర్‌పేటలోని ఒక ఆడపిల్లల హైస్కూల్లో దీవెన ఇరవై ఆరేళ్ళుగా కుట్టుపని టీచరు. కాజాలు తియ్యడం, హెమ్మింగు, గౌను కత్తిరింపు నేర్పడం ఆమె ఉద్యోగం. ఇష్టం మాత్రం వేరేదాని మీద. కొండపల్లిలో తెలిసిన ముసలాయన చేత అడుగు ఎత్తు పొణికి కర్ర బొమ్మలు రంగు వెయ్యకుండా చేయించుకునేది. వాటికి వందేళ్ళ నాటి, నూటయాభై ఏళ్ళ నాటి మనుషుల బట్టలు కుట్టి తొడిగేది. కాలవల మీద లాకులు కట్టిన కూలీలు, బందరు రేవులో మూటలు దించే కళాసులు, గంప నెత్తిన పెట్టుకుని నడిచే చేపల ఆడవాళ్ళు, దొరసాని బిడ్డని చంకనేసుకున్న ఆయా. ఆ బట్టలకి కుట్టుమిషను ముట్టుకునేది కాదు. ఆ మనుషులకి లేని మిషను వాళ్ళ బొమ్మలకి మాత్రం ఎందుకని ఆమె పట్టుదల.

భర్త జోయెల్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఫోర్‌మన్. ఒకసారి ఆమె భుజం మీదుగా చూసి, "బొమ్మకి లోపల లంగా కూడా ఎందుకు దీవెనా? ఎవరు చూస్తారు?" అన్నాడు.

"కట్టుకున్నావిడకి తెలుస్తుంది కదండీ" అంది దీవెన.

ఈ పిచ్చి తనొక్కదానిదే అనుకునేది. తొమ్మిదేళ్ళ క్రితం సత్యశ్రీ వచ్చాక ఆ ఒంటరితనం పోయింది.

సత్యశ్రీ సొంతూరు బందరు పక్కన గిలకలదిండి. తండ్రి సూరయ్య సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. ఆ ఇంట్లో మొదటిసారి బ్యాంకు ఉద్యోగం చేసింది ఆమే. బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్ళ బ్రాంచిలో తెలుగు దినోత్సవానికి పాతకాలం వేషం వెయ్యాలని, ఎక్కడో కొన్న రవిక పట్టుకుని, బిగువు తగ్గించమని దీవెన దగ్గరికి వచ్చింది.

దీవెన దాన్ని వెనక్కి తిప్పి చూసి, "దీనికి జిప్పు ఉందండీ. ఆ రోజుల్లో జిప్పు ఎక్కడిది?" అంది.

సత్యశ్రీ మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఎలా ఉండేదో చెప్పండి. నేర్చుకుంటాను."

నేర్చుకుంది కూడా. ఏడాది తిరిగేసరికి ఆమె వేళ్ళు దీవెన వేళ్ళకంటే సన్నంగా కుట్టేవి. తిరిగి తనూ నేర్పింది. చేపల ఆడవాళ్ళు నీళ్ళలో దిగేటప్పుడు చీర మోకాళ్ళ పైకి ఎలా ఎగదోపుతారో, గంప బరువుకి పైట ఎటు బిగిస్తారో వాళ్ళ నాయనమ్మని చూసి పెరిగిన మనిషి. దీవెన చేసిన చేపల ఆవిడ బొమ్మని మొదటిసారి చూసి, "ఇలా కడితే రెండడుగుల్లో పడిపోద్ది అక్కా" అని, చీర మొత్తం విప్పేసి తన చేత్తో మళ్ళీ కట్టింది. దీవెనకి ఆ పిల్ల మీద ప్రేమ కలిగింది ఆ క్షణంలోనే.

ఇద్దరూ కలిసి చిన్న బృందం ఒకటి తయారు చేశారు. పదిమంది దాకా చేరారు. ఏడాదికొకసారి చలికాలంలో, ఎవరి బట్టలు వాళ్ళే చేత్తో కుట్టుకుని, వందేళ్ళ కిందటి మనుషుల్లా తయారై బందరు కోట దగ్గరికో, కాలవగట్టు మీదికో వెళ్ళి ఒక రోజంతా గడిపేవాళ్ళు. వాచీ పెట్టుకోకూడదు, ఫోను తియ్యకూడదు. దారిన పోయేవాళ్ళు సినిమా షూటింగేమో అని ఆగేవాళ్ళు.

సూరయ్యకి గుండె జబ్బు చేసి బెజవాడ ఆసుపత్రిలో పెట్టినప్పుడు పదకొండు రోజులు క్యారేజీ మోసింది దీవెనే. సత్యశ్రీ ఆదివారం వచ్చిందంటే దీవెన తల్లి సీతమ్మ ఆమెకి విడిగా చింతచిగురు రొయ్యలు తీసి ఉంచేది. పిల్లలు లేని దీవెనకి ఒక చెల్లెలు దొరికిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. దీవెన కూడా అలాగే అనుకుంది.

సీతమ్మ రేకు పెట్టెలో ఒక తెల్ల రవిక ఉండేది. పల్చటి మల్లు గుడ్డ, మోచేతులు దాటిన చేతులు, మెడ చుట్టూ చేత్తో అల్లిన లేసు, ముందు గవ్వ బొత్తాములు. అది సీతమ్మ అమ్మమ్మ లూదియమ్మది. దీవెనకి తాతమ్మ.

లూదియమ్మ అవనిగడ్డ దిగువన, ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో పుట్టింది. ఆ పల్లె ఆడవాళ్ళు రవిక తొడుక్కుని ఊళ్ళోకి వస్తే పెద్దిళ్ళవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. లూదియమ్మ మిషనరీల బడిలో చదువు నేర్చుకుంది, దొరసాని దగ్గర లేసు అల్లడం నేర్చుకుంది, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ అయింది. ఉద్యోగం మొదలుపెట్టిన రోజున తను కుట్టుకున్న ఆ రవిక తొడుక్కుని ఊరి నడిబజారులోంచి నడిచింది. అరుగు మీంచి ఒకాయన, "ఎవరి అండ చూసుకునే ఆ తొడుగు?" అని అరిచాడట. "నేనే కుట్టుకున్నానండి, నేనే తొడుక్కున్నాను" అని చెప్పి ముందుకి సాగిపోయిందట. ఆ సంగతి సీతమ్మ చిన్నప్పుడు లూదియమ్మ నోటితోనే విన్నది.

డెబ్బై ఏడు ఉప్పెనలో సీతమ్మ ఐదేళ్ళ దీవెనని ఒక చేత్తో, ఆ రేకు పెట్టెని ఒక చేత్తో పట్టుకుని చర్చి స్లాబు ఎక్కింది. పెట్టె మూత విరిగి రవిక భుజం దగ్గర చిరిగింది. పునరావాస శిబిరంలో తెల్లదారం దొరక్క, కట్టుగుడ్డలోంచి నూలుపోగు లాగి సీతమ్మ దానికి రఫ్ఫు చేసింది. మూడు వరసలు, మధ్య వరస కొంచెం లావు. చిన్నప్పుడు జ్వరం వస్తే దీవెన ఆ రఫ్ఫు మీద వేలు రాస్తూ పడుకునేది.

కిందటేడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కళాసంస్థ వాళ్ళు 'నిన్నటి కృష్ణాతీరం' అని ప్రదర్శన తలపెట్టారు. నిర్వాహకుడు జానకిరామ్ ఈ బృందాన్ని బొమ్మలు అడిగాడు. దీవెన తన దగ్గరున్న కూలీల, కళాసుల, చేపల ఆడవాళ్ళ బొమ్మలు ఇస్తానంది. వాటితోపాటు ఎప్పటినుంచో మనసులో ఉన్న మాట బయటపెట్టింది.

"లూదియమ్మ బొమ్మ చేద్దాం సత్యా. చేతిలో బైబిలు, ఆ రవికతో. నడుస్తున్నట్టు."

సత్యశ్రీ కళ్ళు మెరిశాయి. "నేను కుడతా అక్కా. నాకియ్యి. కాగితం మీద కొలతలు గీసుకుని, బొమ్మ సైజుకి తగ్గిస్తా. పది రోజుల్లో రవిక తెచ్చిస్తా."

సీతమ్మ ముందు ఒప్పుకోలేదు. ఆ రవిక ఇల్లు దాటింది ఉప్పెనలో ఒక్కసారే. "సత్యే కదమ్మా" అంది దీవెన. సీతమ్మ రవికని పాత దుప్పటి ముక్కలో చుట్టి, తనే సత్యశ్రీ చేతుల్లో పెట్టింది. "లేసు పట్టుకుని ఎత్తమాకమ్మా, ఊడొస్తది" అని రెండుసార్లు చెప్పింది.

పది రోజులు నెలన్నర అయింది. బడిలో పరీక్షల హడావుడిలో దీవెన గట్టిగా అడగలేదు. లూదియమ్మ బొమ్మ ఎంతవరకు వచ్చిందంటే, "నువ్వు అక్కడికొచ్చే చూడు, సర్‌ప్రైజ్" అనేది సత్యశ్రీ.

ప్రదర్శన మొదలైన సాయంత్రం దీవెన కొత్త చీర కట్టుకుని జోయెల్‌తో వెళ్ళింది. ఆమె బొమ్మలు లోపలి గదిలో ఒక మూల వరసగా ఉన్నాయి. గుమ్మానికి ఎదురుగా, అందరికీ ముందు కనపడేలా పెద్ద అద్దాల పెట్టె ఉంది. అందులో చిన్న టేకు మంచం, దాని మీద కూర్చున్న ఒకావిడ, అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరాడవాళ్ళు. పట్టుచీరలు, నగలు, తెల్లటి మల్లు రవికలు. కార్డు మీద 'జమీందారు గారి దివాణం, 1910. వస్త్రాలంకరణ: సత్యశ్రీ' అని ఉంది. జనం దాని చుట్టూ గుమిగూడి ఫొటోలు తీసుకుంటున్నారు.

లూదియమ్మ బొమ్మ ఎక్కడా లేదు.

దీవెన ముందు ఆ పని చూసి నిజంగానే ముచ్చటపడింది. రవికలు ఒంటికి ఎంత మెత్తగా ఒదిగాయో! కుచ్చిళ్ళు చూద్దామని అలవాటుకొద్దీ పక్కకి వంగి చూసింది. పక్కనుంచి చూస్తే, మంచం మీదావిడ పైట కింద భుజం కనిపిస్తోంది. భుజం మీద రఫ్ఫు ఉంది. మూడు వరసలు. మధ్య వరస కొంచెం లావు.

జోయెల్ ఏదో అడిగితే తల ఊపింది. తర్వాత సత్యశ్రీని వెతికి పట్టుకుంది. చుట్టూ మనుషులున్నారని గొంతు తగ్గించింది.

"సత్యా, ఆ రవికల గుడ్డ ఎక్కడిది?"

"బందర్లో పాతబట్టలాయన దగ్గర దొరికిందక్కా. మన అదృష్టం."

"తాతమ్మ రవిక ఏదీ?"

"ఇంట్లో బీరువాలో ఉంది. ఎల్లుండి తెచ్చిస్తాలే. లూదియమ్మ బొమ్మ టైముకి అవ్వలేదక్కా, సారీ. అదుగో గెస్టులొచ్చారు, ఒక్క నిమిషం."

ఆ మాట చెబుతున్నప్పుడు సత్యశ్రీ కళ్ళు తిప్పుకోలేదు. చెయ్యి కూడా దీవెన భుజం మీదే ఉంది. అబద్ధం చెప్పేవాళ్ళు ఎక్కడో తడబడతారని దీవెన నమ్మకం. ఈ పిల్ల తడబడలేదు. అంటే ఇన్నేళ్ళలో ఇలాంటివి ఇంకెన్ని నమ్మానో అని అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చాక జోయెల్‌కి చెప్పింది. "రఫ్ఫులన్నీ ఒకలాగే ఉంటాయేమో దీవెనా" అన్నాడు ఆయన. ఆమె కూడా అలాగే కావాలని కోరుకుంది. ఎల్లుండి వరకు ఆగింది. చెప్పిన రోజున ఫోను చేస్తే, "కొంచెం పురుగు పట్టిందక్కా, కలరా ఉండలు వేసి ఎండలో పెట్టా" అంది సత్యశ్రీ. మర్నాడు ఫోను ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం దీవెన బడికి సగం పూట సెలవు పెట్టి పటమటలో సత్యశ్రీ ఫ్లాటుకి వెళ్ళింది. తలుపు తీసిన సత్యశ్రీ ఆమె మొహం చూసి పక్కకి తప్పుకుంది. లోపలికి వెళ్ళి స్వీటు షాపు కవరొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందులో రవిక చెయ్యి ఒకటి మొత్తంగా ఉంది. గవ్వ బొత్తాముల పట్టీ ఉంది. లేసు ముక్కలు, వేలెడు వెడల్పు పీలికలు కొన్ని. అంతే.

దీవెన వాటిని ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"కొత్త మల్లు తెచ్చి ఎనిమిదిసార్లు ఉతికానక్కా" అంది సత్యశ్రీ. "గంజంతా పోయింది. అయినా బొమ్మ ఒంటి మీద అట్టముక్కలా నిలబడతాది. నీకు తెలుసుగా. అది మాత్రం అలా వేశానో లేదో, ఇలా ఒదిగిపోయింది. ముందు చేతి చివర్న చిన్న ముక్కే తీశాను. ఒక్కసారి కత్తెర పెట్టాక ఇంక ఆగలేకపోయాను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

ఫ్యాను తిరుగుతుంటే ఒక పీలిక కదిలింది. దీవెన దాని మీద అరచెయ్యి పెట్టింది.

"మరి లూదియమ్మ బొమ్మ?"

"జానకిరామ్ గారు, దివాణం అయితే జనం ఆగి చూస్తారన్నారు. ఒక బైబిలు ఆవిడ కోసం ఎవరొస్తారన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఎన్నాళ్ళక్కా మనం మూలన కూర్చోడం? ఒక్కసారి అందరి ముందు నిలబడదామనుకున్నాను."

"రవిక తొడుక్కోనియ్యని వాళ్ళ ఒంటికి తీసుకెళ్ళి తొడిగావు సత్యా ఆ రవిక."

సత్యశ్రీ అప్పుడు ఏడ్చింది. దీవెన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. నిజం చెప్పేస్తానంది, కార్డు మార్పిస్తానంది, ఆ రవిక ఎవరిదో ప్రపంచానికి తెలిసేలా చేస్తానంది. దీవెన కవరు పట్టుకుని బయటికొచ్చింది. అయినా బస్సులో కూర్చున్నాక ఆమె మనసు ఆ ఏడుపు వైపే మొగ్గింది. కళకోసం చేసిన తప్పు, కాస్త మతిపోయి చేసిన తప్పు అనుకుంది. అమ్మకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ ఆ రెండు రోజులూ గడిపేసింది.

సత్యశ్రీ మాట నిలబెట్టుకుంది. ఎలాగంటే, శనివారం ఒక యూట్యూబ్ చానల్ వాళ్ళు ప్రదర్శన చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళకి లూదియమ్మ కథంతా చెప్పింది. దీవెన ఆ వీడియో చూడలేదు. ఆదివారం చర్చి అయ్యేసరికి మిగతా అందరూ చూసేశారు.

ప్రార్థన ముగిసి బయటికొస్తుంటే పాస్టరమ్మ శాలిని ఎదురొచ్చి సీతమ్మ చేతులు పట్టుకుంది. "ఎంత మంచి మనసమ్మా మీ దీవెనది! అంత పాత రవిక, మీ అమ్మమ్మ గారిది, కళకోసం తన చేత్తో ఇచ్చేసిందంటే మాటలా! ఆ అమ్మాయి చెబుతుంటే నాకు కన్నీళ్ళాగలేదు."

చుట్టూ నలుగురు చేరారు. ఒకావిడ ఫోను తీసి సీతమ్మ ముందు పెట్టింది. తెర మీద సత్యశ్రీ అద్దాల పెట్టె పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. "అక్కే నాకు కత్తెర అందించింది. పెట్టెలో మూలిగేకంటే పదిమంది చూడాలి సత్యా, కత్తిరించు అంది. ఆ త్యాగం వల్లే ఈ బొమ్మలకి ప్రాణం వచ్చింది."

సీతమ్మ చూపు తెర మీంచి కూతురి మీదికి మళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఫోనుని చేత్తో పక్కకి జరిపింది.

"అమ్మా, అది అబద్ధం" అంది దీవెన.

"ఇంటికి పోదాం పద" అంది సీతమ్మ.

ఆటోలో తల్లి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు సర్దినట్టు చేసి, గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. కవరులో ముక్కలు చూపిస్తే అబద్ధమెవరిదో తేలిపోతుంది. కానీ ఆ ముక్కలు అమ్మకి చూపించడానికే దీవెనకి ధైర్యం చాల్లేదు. నాలుగింటికి ఇక తట్టుకోలేక తలుపు తోసుకుని వెళ్ళి, కవరు తల్లి ఒళ్ళో పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఇన్నాళ్ళు దాచినందుకు తనని కొట్టమంది.

సీతమ్మ ముక్కలు మంచం మీద పరిచింది. చెయ్యి ఉండాల్సిన చోట చెయ్యి, పట్టీ ఉండాల్సిన చోట పట్టీ పెట్టింది. మధ్యలో అంతా ఖాళీ. చాలాసేపు ఆ ఖాళీ వంకే చూసింది.

"ఆ పిల్ల కోసేసిందని నాకు పెద్ద బాధ లేదే" అంది చివరికి. "గుడ్డ ఎప్పటికైనా పోయేదే. నువ్వు ఇచ్చేశావని పొద్దుట్నుంచీ నమ్మాను చూడు. నా కూతురి మీద నా చేత అలా నమ్మించింది. అదీ నా ఏడుపు."

మర్నాడు దీవెన బడికి వెళ్ళలేదు. ప్రదర్శన తలుపులు తీసే వేళకి అక్కడుంది. చేతిసంచిలో చిన్న కత్తెర, పాత దుప్పటి ముక్క ఉన్నాయి. లోపల కాలేజీ పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. దివాణం ముందు సత్యశ్రీ నిలబడి వాళ్ళకి ఏదో వివరిస్తోంది. కార్డు మారింది. 'లూదియమ్మ గారి రవికతో రూపుదిద్దుకున్న దివాణం. దాత: దీవెన గారు' అని కొత్తది పెట్టారు.

దీవెన తిన్నగా వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

"నేను దాతని కాదండీ" అంది, పిల్లల వైపు తిరిగి. పాఠం చెప్పే గొంతు అది, గట్టిగానే వినిపించింది. "ఈ రవిక నేను ఇవ్వలేదు. కొలతలు తీసుకుంటానంటే నమ్మి చేతిలో పెట్టాను. నాకు చెప్పకుండా కోసేసింది. నేను కత్తెర అందించానని ఈవిడ చెప్పింది అబద్ధం."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. జానకిరామ్ పరుగున వచ్చాడు. "దీవెన గారూ, ఇది మీ ఇద్దరి మధ్య విషయమండీ. లోపల కూర్చుని మాట్లాడుకుందాం. ప్లీజ్ మేడమ్, విజిటర్స్ ఉన్నారు."

"ఇద్దరి మధ్య విషయమైతే వీడియోలో ఎందుకు చెప్పిందండీ? తాళం తియ్యండి."

"అలా కుదరదండీ. ప్రదర్శన అయ్యేదాకా..."

"తియ్యండి సార్" అంది సత్యశ్రీ. ఆమె మొహంలో రక్తం లేదు. జానకిరామ్ కదలకపోతే తనే ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని అద్దం తలుపు తెరిచింది. దీవెన కళ్ళలోకి మాత్రం చూడలేదు.

దీవెన మంచం మీదావిడ బొమ్మని తీసి బల్ల మీద పడుకోబెట్టింది. నగలు తీసి పక్కన పెట్టింది. పట్టుచీర విప్పి మడతపెట్టింది. రవిక కుట్లు ఒక్కొక్కటే కత్తెర మొనతో తెంపింది. సన్నటి కుట్లు, అంగుళానికి పాతిక ఉంటాయి. ఎంత బాగా కుట్టిందో చూడక తప్పలేదు. ఆ కుట్టు ఆమెకి నేర్పింది తనే. ఒకటి అయ్యాక రెండోది, తర్వాత మూడోది. ఒక అమ్మాయి ఫోను ఎత్తబోతే పక్కమ్మాయి చెయ్యి పట్టి దించింది.

ముప్పావుగంట పట్టింది. మూడు కర్ర బొమ్మలూ బట్టల్లేకుండా బల్ల మీద మిగిలాయి.

"బొమ్మలు నీవి" అంది దీవెన. "గుడ్డ మాది."

తను తయారుచేసిన కూలీలని, చేపల ఆడవాళ్ళని కూడా అట్టపెట్టెలో సర్దుకుంది. చేపల ఆవిడ బొమ్మ దగ్గర మాత్రం ఆగింది. ఆ చీర కట్టు సత్యశ్రీది. ఒక్క నిమిషం ఆలోచించి, దాన్ని అక్కడే వదిలేసింది.

తర్వాత చాలా మాటలు వచ్చాయి. బృందంలో సగంమంది దీవెన చేసింది న్యాయమే అన్నారు. మిగతా సగం, పదిమందిలో అంత రభస అక్కర్లేదు, ఫోనులో చెబితే సరిపోయేది అన్నారు. ఆ చలికాలం కోట దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ వీడియోని కొన్నాళ్ళకి తీసేశారు. సత్యశ్రీ తొమ్మిది నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది. దీవెన వినలేదు, చెరిపెయ్యనూ లేదు.

దీవెనలో వచ్చిన మార్పు జోయెల్ కనిపెట్టాడు. బడిలో తోటి టీచరు డయానా ఒక పాత లేసు నమూనా చూసి ఇస్తానని అడిగితే, మా ఇంట్లో లేదని చెప్పింది. ఆ నమూనా పెట్టెలోనే ఉంది. "పాపం డయానా ఏం చేసింది?" అన్నాడు ఆయన. "ఏమీ చెయ్యలేదండీ. నాకే చెయ్యి రావట్లేదు" అంది.

ముక్కల్ని మళ్ళీ అతుకుదామని ఒకసారి కూర్చుంది. దొరికినవన్నీ కలిపినా వీపు సగానికి రాలేదు. సత్యశ్రీ పాడుచేసి పారేసినవెన్నో. సీతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అతకమాకే. మా అమ్మమ్మ అతుకుల రవిక తొడుక్కుని నడిచిందా? కొత్త గుడ్డ తొడుక్కుని నడిచింది. పెళపెళలాడే కొత్త గుడ్డ. నువ్వు కొత్తదే కుట్టు."

వేసవి సెలవుల్లో దీవెన ఆ కొత్త గుడ్డ కోసం వన్‌టౌన్ బట్టల మార్కెట్‌కి వెళ్ళింది. షాపతను తానులు దించి వేస్తున్నాడు. ఆమె బల్ల మీద కూర్చుని మల్లు గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది. గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచారు. తలెత్తకుండానే, కొత్తగా వచ్చిన మనిషికి చోటు చేద్దామని, పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా" అంది సత్యశ్రీ.

చిక్కిపోయింది. ఖాళీ అయిన చోట కూర్చోబోయి, దీవెన మొహం చూసి ఆగింది. "అమ్మ బాగుందా?"

"బాగుంది."

"నాన్నకి మళ్ళీ ఒంట్లో బాగోలేదు. నీ గురించి అడుగుతున్నాడు."

సూరయ్య పేరు వినగానే దీవెన నోటి దాకా ఒక మాట వచ్చింది. ఏ ఆసుపత్రి, ఎన్నో వార్డు అని అడగబోయింది. తొమ్మిదేళ్ళ అలవాటు అది. ఆ వెనకే ఇంకో మాట గుర్తొచ్చింది, అదీ ఇదే గొంతుతో, ఇంతే మెత్తగా చెప్పింది: ఇంట్లో బీరువాలో ఉంది, ఎల్లుండి తెచ్చిస్తాలే. ఇది నిజమో కాదో తేల్చుకునే దారి ఆమెకి కనపడలేదు. నిజమే అయి ఉండొచ్చు. అది తెలిసి కూడా చేతిలోని గుడ్డ వైపే తిరిగింది.

"రెండు మీటర్లు చింపండి" అంది షాపతనితో.

గుడ్డ కట్టించుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది. వెనకనుంచి అక్కా అని ఇంకోసారి వినిపించింది. ఆ మార్కెట్లో అక్కా అని పిలిచేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆమె తోపుడుబళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ బస్టాపు వైపు నడిచింది.